బల్ల గిన్నె అంచు

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. తూకం వేస్తే పావుకిలో కూడా రాదు. అది ఒక వెండి గిన్నె. మా సంఘంలో ప్రభువు బల్ల కోసం నా చేతులతో చేశాను. ప్రతి ఆదివారం అది చేతులు మారుతూ నా వరుస దాకా వస్తుంది. తీసుకుంటాను. ప్రభువు రక్తానికి గుర్తైన ద్రాక్షరసం ఒక గుటక తాగుతాను. పక్కవాళ్లకు అందిస్తాను. ఆ కాస్త సేపట్లో నేనేం మోస్తున్నానో చుట్టూ కూర్చున్న ఎనభై మందిలో ఒక్కరికీ తెలియదు. నా భార్యకూ తెలియదు. మోకాళ్ల మీద దేవునికి చెప్పుకున్నాను, లెక్కలేనన్ని సార్లు. కానీ ఆయనకు ముందే తెలుసు కదా. తెలిసినవాడికి చెప్పడం ఒప్పుకోవడం అవుతుందా? తెలియని మనిషికి చెప్పాలి. చెప్పాక ఆ మనిషి ముఖం ఎలా మారుతుందో అని భయపడాలి. మీ ముఖం నాకు కనిపించదు. అయినా భయంగానే ఉంది.

నేను కరీంనగర్‌లో వెండి తీగ పని చేస్తాను. వెండిని దారమంత సన్నగా లాగి, మెలిపెట్టి, ఆకులూ లతలూ అల్లే పని. మా బాపు మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుడు. నేను పదహారేళ్లకే కరీంనగర్ వచ్చి ఒక పెద్దాయన దగ్గర ఈ పని నేర్చుకున్నాను. ఆయన దేవుడికి దండం పెట్టి కుంపటి వెలిగించేవాడు. నేను ప్రార్థన చేసుకుని ఆ కుంపటి ముందే కూర్చునేవాణ్ని. ఇద్దరి మధ్యా ఎన్నడూ మాటపట్టింపు రాలేదు. పని కరీంనగర్‌లోనే అయినా సంఘం మాత్రం నాకు మందమర్రే. అవ్వ చేయి పట్టుకుని నడిచిన మందిరం అది. వాక్యం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం అక్కడే నేర్చుకున్నాను. ఇప్పటికీ ఆదివారం తెల్లవారగానే బస్సెక్కుతాను.

మందమర్రి గాలిలో వెండి నిలవదు. బొగ్గు పొగ, అందులోని గంధకం కలిసి నెల తిరక్కుండానే దాన్ని నల్లబరుస్తాయి. మా సంఘంలో అంతకుముందు ఒక పాత వెండి గిన్నె ఉండేది. దాన్ని తోమే పని పోచక్కది. భర్త జబ్బుతో పోయాక కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని కాలనీ అంతా తిరిగి బతికిన మనిషి. మా అందరికన్నా ఆలస్యంగా సంఘంలోకి వచ్చింది. బాప్తిస్మం రోజున మా పాస్టరు అయ్యగారు ఆమెకు కొత్త పేరు పెట్టబోతే చేతులు జోడించి, "గా కొత్త పేరుతోని పిలిస్తే నేను పలుకనే పలుకనయ్యా, ఇంకెవలనో పిలుస్తున్నరనుకుంట" అంది. అందరూ నవ్వారు. అమ్మవారి పేరు మీద ఉన్న మనిషి అమ్మవారి పేరుతోనే సంఘంలో ఉండిపోయింది. కొందరికి అది లోపల గుచ్చుకుంటూనే ఉండేదని నాకు తరువాత అర్థమైంది.

ఆ రోజుల్లోనే నాకు కొత్త రకం వెండి దొరికింది. మామూలుగా నగల వెండిలో రాగి కలుపుతారు. నల్లబడేది ఎక్కువగా ఆ రాగి వల్లే. ఈ కొత్త వెండిలో రాగి తగ్గించి జర్మేనియం అనే లోహాన్ని కొద్దిగా కలుపుతారు. అది పైకి కంటికి కనిపించని పలుచటి పొరలా ఏర్పడి నలుపును దగ్గరికి రానివ్వదు. హైదరాబాద్ వ్యాపారి ఒకాయన గుళికల రూపంలో తెప్పించి ఇచ్చాడు. ఒక చిన్న ఆకు చేసి చూశాను. మూడు నెలలు కిటికీలో పెట్టినా తెల్లగానే ఉంది.

నాకు గర్వం వచ్చింది. ఇప్పుడు చెప్పడం తేలిక. అప్పుడు దాన్ని గర్వం అనుకోలేదు, భక్తి అనుకున్నాను. సంఘంలో నిలబడి, బల్లకు కొత్త గిన్నె చేసి ఇస్తానని, అది ఎన్నటికీ నల్లబడదని, కరీంనగర్ మొత్తంలో ఈ వెండితో పని చేయగలిగింది నేనొక్కణ్నేనని చెప్పాను. బాయిలో పనిచేసి రిటైరైన సంఘ పెద్ద కొమురయ్యన్న, "మందమర్రిల మనుషులమే నల్లబడితిమి, నీ వెండి నల్లబడదా తమ్మీ?" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. "నల్లబడితే నన్నడుగు అన్నా" అన్నాను.

అయ్యగారు నా మాటను పట్టుకున్నారు. ఆయన మంచి మనిషి, ఇది ఆయన మీద ఫిర్యాదు కాదు. మరుసటి ఆదివారం ప్రసంగంలో, ఈ గిన్నె మన హృదయాలకు గుర్తు, పాపం దాచుకున్న పెదవి దీన్ని తాకనంత కాలం ఇది తెల్లగానే ఉంటుంది అన్నారు. ఆమెన్ అన్నారందరూ. నేనూ అన్నాను. అది వెండి స్వభావమే తప్ప మనుషుల స్వభావంతో దానికి పని లేదని తెలిసినవాణ్ని, ఆ గదిలో నేనొక్కణ్నే. అప్పుడే చెప్పి ఉండాల్సింది. కానీ నా చేతిపనిని అంత ఎత్తున నిలబెట్టిన మాటను ఎలా కాదంటాను?

గిన్నె పని మొదలుపెట్టాను. ఈ వెండికి ఒక గుణం ఉంది. ఎర్రగా కాలినప్పుడు దాన్ని కదిలించకూడదు. ఆ వేడిలో అది బిస్కెట్‌లా పెళుసు. ఎరుపు పూర్తిగా పోయేదాకా చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవాలి. వ్యాపారి రెండుసార్లు చెప్పాడు. కానీ నా చేతికి ఇరవై ఏళ్ల అలవాటు ఇంకోటి. ఎర్రగా ఉండగానే శ్రావణం అనే పట్టకారుతో పట్టి నీళ్లలో ముంచడం. గిన్నె పొట్ట బాగానే వచ్చింది. అంచు కింద ద్రాక్షతీగ అల్లాను, అదీ కుదిరింది. ఆఖరున పెదవులు తాకే చోట నున్నటి కమ్మీ ఒకటి చుట్టూ అతకాలి. అది అతుకుతుండగా, ఎర్రగా ఉన్నప్పుడే, నాకు తెలియకుండానే శ్రావణం వెళ్లింది. చిటుక్కుమని చప్పుడు. కమ్మీ మూడు చోట్ల పగిలింది.

కొత్త వెండి మిగల్లేదు. వ్యాపారికి ఫోన్ చేస్తే పది రోజులు పడుతుందన్నాడు. ఆ ఆదివారమే గిన్నె ప్రతిష్ఠ. కాగజ్‌నగర్ నుంచి, మంచిర్యాల నుంచి విశ్వాసులను పిలిచారు. పది రోజులు ఆగమంటే సరిపోయేది. ఎందుకు ఆగమనలేదు? ఎవరూ కోప్పడేవారు కాదు. కొమురయ్యన్న ఒక జోకు వేసేవాడు, అంతే. ఆ జోకును నేను భరించలేకపోయాను. నిజం అంతే, అంతకన్నా పెద్ద కారణం వెతికినా దొరకదు.

పగిలిన కమ్మీ కోసేసి, మామూలు వెండితో కమ్మీ చేసి అతికించాను. తెలుపు తేడా కనిపించకుండా అంచు మీద రోడియం అనే తెల్లటి లోహపు పూత పూయించాను. పూత పూసిన మనిషి ఎందుకని అడగలేదు. ఎవరూ అడగలేదు. ఆదివారం అయ్యగారు గిన్నెను రెండు చేతులతో పైకెత్తినప్పుడు కిటికీలోంచి పడిన ఎండకు అది మెరిసింది. పోచక్క ముందు వరుసలోంచి నా వైపు తిరిగి చూసి, "ఎంత సక్కగ చేసినవ్ తమ్మీ" అంది.

దాన్ని కడిగి పెట్టే పని ఆమెకే ఇచ్చారు. ప్రతి ఆదివారం కుంకుడు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అంచును గుండ్రంగా తుడిచి తుడిచి పెట్టేది. పసిపిల్లకు స్నానం చేయించినట్టు ఉండేది చూడటానికి. ఆమె అంత ప్రేమగా తుడవకపోతే ఆ పూత ఇంకొన్నాళ్లు నిలిచేదేమో.

ఏడో నెలలో అంచు మీద గోధుమరంగు మరక కనిపించింది. తరువాతి వారానికి నల్లబడింది. గిన్నె అంతా తెల్లగా ఉంది, తీగలు తెల్లగా ఉన్నాయి. పెదవులు తాకే ఆ ఒక్క కమ్మీ మాత్రమే బొగ్గు గీత గీసినట్టు నలుపు. అది చూసిన రోజు ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

కూడిక అయ్యాక నన్ను వెనక గదిలోకి పిలిచారు. అయ్యగారు, కొమురయ్యన్న, నేను. గిన్నె బల్ల మీద ఉంది. తలుపు దగ్గర తడి గుడ్డ పట్టుకుని పోచక్క నిలబడి ఉంది.

"తమ్మీ, నువ్వు చేసినోనివి. దేవుని ముంగట అడుగుతున్న. వెండిల ఏమన్న కసరు, కల్తీ ఉన్నదా?" అన్నాడు కొమురయ్యన్న.

నేను గిన్నె చేతిలోకి తీసుకున్నాను. అంచును వేలితో తడిమాను. చూస్తున్నట్టు నటించాను. నాకు చూడాల్సిన పని ఏముంది?

"లేదన్నా" అన్నాను.

"గిట్ల అంచు ఒక్కటే ఎట్ల నల్లబడ్డది మరి?"

"నాకు సమజైతలేదన్నా. వెండి మాత్రం మంచిదే."

"వెండి మంచిదైతే మనుషులల్లనే ఉన్నట్టు తప్పు" అన్నాడు ఆయన. అయ్యగారు కళ్లు మూసుకున్నారు. పోచక్క తలుపు దగ్గర నుంచి, "నేను తుడిసిన కాడ ఏమన్న తప్పయిందా తమ్మీ? నా చేతులు గానీ..." అని ఆగిపోయింది. ఆమె నన్నే అడిగింది. నేను గిన్నెను బల్ల మీద పెట్టి అయ్యగారి వైపు తిరిగాను.

ప్రభువును బంధించిన రాత్రి నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ 'అతణ్ని నేనెరుగను' అన్న శిష్యుడి గురించి చిన్నప్పటి నుంచి వింటున్నాను. అతడు బయటికి పోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను బతికేదే నిప్పుల ముందు కూర్చుని. ఆ రోజు బయటికి వచ్చి మంచిర్యాల బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఏడవలేదు.

మూడు వారాలు బల్ల జరగలేదు. ఎవరికి వారు పరీక్షించుకోమన్నారు, ఉపవాసాలు పెట్టారు. మనుషులు ఒకరినొకరు ఓరగా చూసుకోవడం మొదలైంది. నాలుగో ఆదివారం పోచక్క లేచి నిలబడింది. తన చెల్లెలి ఊళ్లో బోనాలకు వెళ్లానని, మొక్కలేదని, గుడి దాకా కూడా పోలేదని, కానీ అమ్మవారికి చూపించి ఇంటికి తెచ్చిన బోనంలోంచి చెల్లె బిడ్డ ఒక బెల్లపన్నం ముద్ద నోట్లో పెడితే కాదనలేక మింగానని చెప్పింది. చెప్తూ నోటిని కొంగుతో రుద్దుకుంటూనే ఉంది. "గా నోటితోనే బల్ల తీసుకున్న. గిన్నె నా వల్లనే నల్లబడ్డది. నన్ను మాఫ్ చెయ్యున్రి" అంది.

నేను మూడో వరుసలో ఉన్నాను. ఆమెకూ నాకూ మధ్య ఆరడుగుల దూరం కూడా లేదు. లేచి రెండు మాటలు చెబితే చాలు. కాళ్లు రాలేదని అంటే అబద్ధం అవుతుంది. కాళ్లు బాగానే ఉన్నాయి. నేను లేవాలనుకోలేదు. ఇంకా దారుణం ఏమిటంటే, ఆమె కూర్చున్నప్పుడు నా ఒంట్లో ఏదో వదులైంది. వెతుకులాట ముగిసింది అనుకున్నాను. ఆ హాయిని నేను మరిచిపోలేదు. మరిచిపోవద్దనే దాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ఆరు నెలలు ఆమెను బల్లకు దూరంగా ఉంచారు. గిన్నె కడిగే పని ఇంకొకరికి ఇచ్చారు. గిన్నెను శుభ్రం చేసి తెమ్మని నాకే అప్పగించారు. నేను చేసిన అసలు పాపం ఇక్కడ ఉంది. అంతవరకూ చేసింది దాచడం. ఇప్పుడు చేసింది రుజువు తయారు చేయడం.

కరీంనగర్‌లో తలుపు వేసుకుని నల్లబడ్డ కమ్మీని కోసేశాను. అప్పటికి కొత్త వెండి వచ్చి ఉంది. ఈసారి తొందరపడలేదు. ఎరుపు తగ్గేదాకా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. కమ్మీ గిన్నెకు టంకం కూడా లేకుండా తనంతట తాను కలిసిపోయింది, అతుకు ఎక్కడో నాకే కనిపించలేదు. వంట ఓవెన్‌లో రెండు గంటలు సన్నటి వేడిలో ఉంచాను, ఆ కాపాడే పొర గట్టిపడటానికి. నా జీవితంలో అంత మంచి పని ఇంకోటి చేయలేదు.

గిన్నె తిరిగి బల్ల మీదికి వెళ్లింది. నల్లబడలేదు. ఒక నెల, ఆరు నెలలు, ఏడాది. నల్లబడలేదు. ఎందుకు నల్లబడుతుంది? పోచక్క దూరమయ్యాక గిన్నె తెల్లగా ఉండిపోయిందని సంఘానికంతటికీ రుజువైపోయింది. ఆ ఆరు నెలలూ ఆమె వాకిట్లో చెప్పుల పక్కన కూర్చుని వింది. గడువు తీరాక రమ్మన్నా లోపలికి రాలేదు. ఒక ఆదివారం కనబడలేదు. ఇచ్చోడలో ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్లిపోయిందన్నారు. పాపం అన్నారు కొందరు. నేనూ అన్నాను.

అయ్యగారు వేరే ఊళ్ల కూటాల్లో ఈ సంగతి చెబుతూ వచ్చారు. పేరు చెప్పేవారు కాదు, 'ఒక సహోదరి' అనేవారు. నన్ను పక్కన నిలబెట్టి సాక్ష్యం చెప్పమనేవారు. ఈ వెండి మంచిదని, నా చేతులతో చేశానని చెప్పేవాణ్ని. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాకుండా ఏరుకునేవాణ్ని. పాటలు పాడేటప్పుడు చుట్టూ వందల గొంతులు కలిసేవి. నేను పెదవులు కదిపేవాణ్ని. గుంపులో ఉండి ఇంత ఒంటరిగా ఉండవచ్చని నాకు ముందు తెలియదు. ఎవరైనా ప్రేమగా భుజం మీద చెయ్యి వేస్తే, ఈ చెయ్యి వేసింది నా మీద కాదు, వాళ్లు అనుకుంటున్న ఇంకెవరి మీదో అనిపించేది. నన్ను నన్నుగా ఎరిగి చెయ్యి వేసే మనిషి ఒక్కరూ లేరు.

పోయిన నెల ఇచ్చోడ వెళ్లాను. జగిత్యాల, నిర్మల్ దాటి, హైవే మీద దిగాను. అల్లుడి టిఫిన్ హోటల్ వెనక రేకుల నీడలో పోచక్క ఉల్లిగడ్డలు కోస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

"ఓ తమ్మీ, నువ్వా? గింత బక్కగైనవేంది? నీ పెండ్లాం తిండి పెడ్తలేదా?"

ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆలస్యం చేస్తే చెప్పలేనని, "అక్కా, గిన్నె నల్లబడ్డది నీ వల్ల కాదు. అంచు వెండి వేరే. నేనే మార్చిన. అడిగితే లేదన్న" అన్నాను.

ఆమె కత్తిపీట ఆపలేదు. "నా మీద జాలితోని అంటున్నవ్."

"కాదక్కా. ఒట్టు."

"ఒట్లు పెట్టొద్దు. మనకు ఒట్లు లెవ్వు" అంది. సంఘానికి దూరమై ఇన్నేళ్లయినా ఆమెకు అది గుర్తుంది. అంతా మళ్లీ చెప్పాను. పగిలిన కమ్మీ, పూత, ఓవెన్, అన్నీ. చివరికి ఆమె చేతులు ఆగాయి. నా వైపు చూసింది. ఉల్లిగడ్డల ఘాటుకు కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి, అందుకే నాకేమీ అర్థం కాలేదు.

"నాలుగేండ్లు ఆ ముద్ద నా గొంతులనే ఉన్నట్టుండె" అంది. "అన్నం పోకపోవు. ఏడ్సి ఏడ్సి అడిగిన. ఒక దినం పొద్దుగాల లేసేసరికి గుండె తేలికైంది. మాఫ్ చేసిండు అనుకున్న. ఇప్పుడచ్చి తప్పే లేకుండె అంటవ్. తప్పే లేకుంటే నాకు మాఫీ ఇచ్చిందెవలు? దేనికిచ్చిండు?"

నేను నేల మీది ఉల్లిపొట్టు ఏరాను.

"నాకున్నది గదొక్కటే తమ్మీ. అది కూడ గుంజుకపోతవా?" మళ్లీ ఉల్లిగడ్డ తీసుకుంది. "నీది నువ్వు చూస్కో. నాది మళ్ల తవ్వకు. పో."

అది హోటల్. దారిన పోయే లారీవాళ్లకు కూడా గ్లాసు నిండా ఛాయ్ పోస్తున్నారు. ఆమె నన్ను తాగి పొమ్మనలేదు. ముందు వైపు నుంచి బిడ్డ పిలిస్తే ఉల్లిగడ్డల పళ్లెం పట్టుకుని లేచి వెళ్లిపోయింది. కాసేపు అక్కడే కూర్చున్నాను. ఆమె తిరిగి రాలేదు.

బస్సులో కూర్చుని ఆలోచించాను. ఆమె తన శాంతిని ముట్టుకోవద్దంది. అది ఆమె హక్కు. కానీ నా అబద్ధం ఆమె దగ్గర మాత్రమే లేదు కదా. ఎనభై మంది నోళ్లలో ఉంది, కూటాల్లో విన్న వందల మందిలో ఉంది. వాళ్లకు చెబితే మాట ఇచ్చోడ దాకా వెళుతుంది, ఆమె దాచుకున్నది మళ్లీ చెదురుతుంది. చెప్పకపోతే ఆ తెల్లటి గిన్నె ఆమె మీద సాక్ష్యం చెబుతూనే ఉంటుంది. ఈ రెండిట్లో ఏది ఆమె కోసం, ఏది నా కోసం? చెప్పకుండా ఉండటానికి నాకు ఇప్పుడు ఒక మంచి కారణం దొరికిందని సంతోషిస్తున్నానా? నా మనసును నేను నమ్మను. ఇరవై రోజులుగా దీన్నే తిప్పి తిప్పి చూస్తున్నాను. మొన్న ఆదివారం గిన్నె నా వరుసకు వచ్చినప్పుడు తాగకుండా పక్కకు అందించాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి. కొమురయ్యన్న చూశాడు. ఏమైంది అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. తల దించుకున్నాను. వచ్చే ఆదివారం అడుగుతాడు. అడిగితే ఏం చెబుతానో మీకు మాట ఇవ్వలేను. ఇచ్చిన మాటలు నా దగ్గర ఎలా అయ్యాయో చదివారు కదా.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. మీకా అధికారం లేదు, ఉన్నామె ఇవ్వలేదు. దేవుని సంగతి దేవునికి తెలుసు. నాకు కావలసింది ఒక్కటే. ఇంతకాలం నా లోపల మాత్రమే ఉన్న నాలుగు మాటలు ఒకసారి బయట, నా చేతి రాతతో, చదవడానికి వీలుగా ఉండాలి. రాయడానికి ఉదయం నుంచి సాయంత్రం దాకా పట్టింది. రాశాక మొదటి నుంచి ఒకసారి పైకి చదివాను.

పోచక్క ఏ తప్పూ చేయలేదు. గిన్నె అంచు నేను మార్చాను. అడిగితే లేదన్నాను. ఆమె లేచి తన మీద వేసుకుంటుంటే, మూడో వరుసలో కూర్చుని చూశాను.